మూసారాం పేరు - ఫిరంగుల కార్ఖానా

ఎల్.బి. నగరునుండి నగరములోనికి వచ్చు మెట్రో మార్గమున, దిల్‌సుఖ్‌నగరు దాటగనే మూసారాంబాగ్ అను స్టేషను కలదు. 2018లో ఈ భాగమున రైళ్లు నడువనారంభించిన నాటినుండి ఆ పేరు దినమునకు పలుమార్లు మూడు భాషలలో వినవచ్చుచున్నది. దాని వ్యుత్పత్తిని గూర్చి విద్యార్థులు మమ్ము తరచుగ అడుగుచుందురు. ఆ విచారణ చేయబోయి మేము నగరమునడుమ నున్న ఒక పాత కర్మాగారపు శిథిలములకడకు చేరితిమి.

మిషెల్ జోయాకిం మరీ రేమోఁ 1755లో ఫ్రాన్సుదేశపు గాస్కనీ ప్రాంతమున జన్మించెను. 1775లో పుదుచ్చేరికి వచ్చి, 1786లో నిజాం అలీఖాను కొలువున చేరెను. 1795నాటి ఖర్డా యుద్ధమున నిజాము ఓడినను రేమోఁ ప్రాభవము తగ్గలేదు. అతని దళములు వేలకొలదిగ పెరిగెను. వానికి వలయు ఫిరంగులు, గుండ్లు పోతపోయుటకు హైదరాబాదుననే కార్ఖానా వెలసెను. ఫతేమైదానమునకు సమీపమున నున్న ఆ చోటిని జనులు 'తోప్‌కా సాంచా' అనిరి. ఫిరంగుల మూస యని అర్థము. నేటి గన్‌ఫౌండ్రీ అను పేట పేరు దాని ఆంగ్లరూపమే.

రేమోఁ 1798 మార్చి 25న మరణించెను. ఆ యేడే అక్టోబరు 22న ఆంగ్లేయులు అతని దళమును నిరాయుధమొనర్చిరి. సేన పోయినను పేరు నిలిచినది. హిందువులకు అతడు మూసారాం, ముస్లిములకు మూసా రహీం. ఫ్రెంచివారి గౌరవవాచకమగు 'మొస్యో' మూసా యైనదనియు, 'రేమోఁ' రాం అయినదనియు మా అభిప్రాయము. వినినదానిని తమకెరుకైన పేరులోనికి మలచుకొనుట జనభాషకు సహజము.

ఇచట పరిశోధకులు రెండు భ్రాంతులకు లోనుకారాదు. మూసారాంబాగ్ వంతెన మూసీమీద నున్నంతమాత్రమున పేరు నదినుండి రాలేదు. ఇక రెండవది మరింత ఆకర్షకము. లోహము కరగించు పాత్రకు తెనుగున 'మూస' యని పేరు. ఫిరంగులు పోసినవాడు కనుక మూసారాం అయ్యెనని ఊహింపబుద్ధి పుట్టును. ఒకప్పుడు మేమును దీనిని నమ్మదలచితిమి! కాని రహీం తోడి రూపమునను మూసాయే యుండుటచే, అది వ్యక్తి నామమేగాని వృత్తినామము కాదని తేలుచున్నది.

కట్టడముల సంగతి వేరు. దిల్‌సుఖ్‌నగరుకు చేరువనున్న గుట్టపై రేమోఁ సమాధి, నల్లరాతి స్తంభము నేటికిని కలవు. వర్ధంతినాడు ప్రజలచట చేరెడివారు. 2001లో మంటపము కూలినను తిరిగి నిర్మింపబడినది. అతని కార్ఖానాకు ఆ యాదరము దక్కలేదు. సమాధికి దీపము పెట్టువారుందురు గాని, కొలిమిగోడను తలచువా రెవరు? అది మిక్కిలి శిథిలమై, పేటకు పేరిచ్చిన కట్టడమని బాటసారులు గుర్తింపలేని స్థితిలో నున్నది.

పనిచేయుచున్న కర్మాగారమునకు ఈ బెడద తక్కువ. నిజాము గ్యారంటీడ్ రైల్వేవారు 1893లో లాలాగూడలో నెలకొల్పిన వర్క్‌షాపు రాజ్యములు మారినను రైలుబండ్ల మరమ్మతులు చేయుచునే యున్నది. అచటివారు కప్పు కారిన వెంటనే బాగుచేయుదురు, పని ఆగకూడదు గనుక. తోప్‌కా సాంచాలో కొలిమి ఆరినది; గోడ బాగుచేయవలసిన అవసరము ఎవరికిని లేకపోయినది.

కావున మా శాఖవారు చేయదగిన పని ఒకటి కలదు. మిగిలిన గోడల కొలతలు, ఛాయాచిత్రములు తీయుటతోబాటు, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగరు, గన్‌ఫౌండ్రీ పేటలలోని వృద్ధులు ఈ రెండు పేర్లను పలుకు తీరును, వానికి చెప్పు కథలను ధ్వనిముద్రణము చేయవలెను. ఈ యేడు ఎం.ఏ. విద్యార్థులకు క్షేత్రకార్యముగ దీనినే నిర్ణయించితిమి.