బావి నుండి బస్తా దాక

యూరియా నెరుగని రైతు నేడు లేడు. కాని ఆ తెల్లని గుళికలు ఎక్కడ పుట్టి, ఎంత దూరము నడచి తన పొలము చేరుచున్నవో ఆలోచించువారు తక్కువ. యూరియాకు మూలము భూగర్భమున దొరకు సహజవాయువు. కోట్ల సంవత్సరముల క్రిందట మట్టిలో కప్పబడిన జీవరాశి నుండి అది ఏర్పడినది. ఒకసారి ఖర్చయిన వాయువు మన మనుమల కాలమునకు కూడ మరల పుట్టదు.

కృష్ణా గోదావరీ తీరమునను, దానిని ఆనుకొనియున్న సముద్రగర్భమునను ఈ వాయువు లభించుచున్నది. బావుల నుండి వచ్చిన వాయువులోని నీటిని, మలినములను తొలగించి ఉక్కు గొట్టముల ద్వారా దూరప్రాంతములకు పంపుదురు. కాకినాడ సమీపమునందలి మల్లవరము నుండి రామగుండము వరకు వేసిన గొట్టపు మార్గము 360 కిలోమీటర్లకు పైబడినది. రామగుండములో పూర్వము బొగ్గుతో ఎరువు చేయు కర్మాగారముండి, 1999లో మూతపడినది. అచ్చటనే సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. ఏటా 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయు సామర్థ్యము దానికి గలదు. దేశములోని వాయువు చాలనందున, విదేశముల నుండి ద్రవరూపమున ఓడలలో వచ్చు వాయువును కూడ మన ఎరువుల కర్మాగారములు వాడుచున్నవి.

కర్మాగారములో జరుగు పని ఇది. వాయువును నీటి ఆవిరితో కలిపి మిక్కిలి వేడిచేసినచో ఉదజని వెలువడును. దానిని గాలిలోని నత్రజనితో అధికమైన ఒత్తిడిలో కలిపినచో అమ్మోనియా ఏర్పడును. ఉదజనితోపాటు పుట్టిన బొగ్గుపులుసు వాయువును అమ్మోనియాతో చేర్చగా యూరియా తయారగును. 45 కిలోల బస్తా ఒకటి తయారగుటకు పట్టు శక్తి, వంటగ్యాసు సిలిండరు ఒకటిన్నరలో నుండు శక్తికి దాదాపు సమానము. రైతు చెల్లించు వెల అసలు వ్యయములో కొద్ది భాగమే. మిగిలినది ప్రభుత్వము, అనగా ప్రజలు, భరించుచున్నారు.

ఇంత శ్రమతో వచ్చిన ఎరువు తుదకు పొలములోనే ఎక్కువగా నష్టపడుచున్నది. వరిమడిలో చల్లిన నత్రజనిలో సాధారణముగా సగము కూడ పైరునకు అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలియును. కొంత నీటితో భూమిలోనికి ఇంకి బావులను చెరచును. కొంత నైట్రస్ ఆక్సైడు అను వాయువుగా మారును. భూమిని వేడెక్కించుటలో ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు తీవ్రమైనది. మితిమీరి వేసినచో పైరు ఏపుగా పెరిగి పడిపోవును. దోమపోటు, అగ్గితెగులు హెచ్చును.

కావున రైతులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. భూసార పరీక్ష ననుసరించి మోతాదు నిర్ణయించుకొనవలెను. మొత్తమును ఒక్కసారి వేయక, దమ్ములోను, పిలకలు వేయునపుడును, అంకురము ఏర్పడునపుడును విభజించి వేయవలెను. పైపాటుగా వేయుటకు ముందు మడిలోని నీరు తీసివేసి, తరువాత ఒకటి రెండు దినములకు మరల పెట్టవలెను. యూరియాకు ఐదు రెట్లు తేమగల మట్టిని కలిపి రెండు దినములు నిలువచేసి చల్లుట మేలు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నినచో యూరియా అవసరమే తగ్గును. 2015 నుండి దేశములో తయారగు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరియైనది. నత్రజని మెల్లగా విడుదలయగుటకే ఈ ఏర్పాటు.

గొట్టములు సాగు గ్రామములవారికి మరియొక బాధ్యత గలదు. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామములో గొట్టము నుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరువది మందికి పైగా మరణించిరి. గొట్టములను కనిపెట్టి బాగుచేయుట సంస్థల విధి. అయినను హెచ్చరిక రాళ్లున్న చోట త్రవ్వుట, ఇల్లు కట్టుట, చెట్లు నాటుట తగదు. వాసనగాని, బుసబుస శబ్దముగాని తెలిసినచో నిప్పు వెలిగింపక, విద్యుత్ మీటలు ముట్టక, గాలికి ఎదురుగా దూరము పోయి, రాతిపై వ్రాసియున్న సంఖ్యకు వెంటనే తెలుపవలెను. ఫిర్యాదును ఉపేక్షించినచో జిల్లా అధికారులకు విన్నవించుకొనవలెను.

బావిలో తోడిన వాయువు ఎంతకాలము నిలుచునో నిర్ణయించువారిలో రైతును ఒకడు. ఈ పంటకు అర బస్తా మిగిల్చినచో ఖర్చు అతనికి తగ్గును, వాయువు బిడ్డలకు మిగులును.