తొలగింపు, చేర్పు, కూర్పు: యానిమే వైజ్ఞానిక కల్పన ధారావాహికలపై టెలివిజన్ ఎడిటింగ్ ప్రభావం

వ్యాససంగ్రహం:

ఒక దేశపు టెలివిజన్ కోసం తయారైన ధారావాహిక మరో దేశానికో, మరో ప్రసార వేళకో మారినప్పుడు ఎడిటింగ్‌కు లోనవుతుంది. జపనీస్ యానిమేలోని వైజ్ఞానిక కల్పన ధారావాహికలు 1970, 1980 దశకాలలో అమెరికన్ టెలివిజన్‌కు చేరిన క్రమంలో ఈ ఎడిటింగ్ మూడు రూపాలలో కనిపిస్తుంది. అవి తొలగింపు, చేర్పు, కూర్పు. ఈ మూడింటినీ సోదాహరణంగా వివరించి, ప్రధానంగా ‘మాక్రాస్’ ధారావాహిక ‘రోబోటెక్’గా మారినప్పుడు కథాలోకపు మూలభావన ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: యానిమే, వైజ్ఞానిక కల్పన, టెలివిజన్ ఎడిటింగ్, డబ్బింగ్, అనుసృజన, మాక్రాస్, రోబోటెక్.

1. ఉపోద్ఘాతం:

ఎడిటింగ్ అంటే అనవసరమైన దృశ్యాలను కత్తిరించడమని సామాన్య భావన. చలనచిత్ర సిద్ధాంతం మాత్రం దానిని అర్థనిర్మాణ ప్రక్రియగా చూస్తుంది. ఒకే నటుని ముఖాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన చేర్చి చూపినప్పుడు ప్రేక్షకులు ఆ ముఖంలో వేర్వేరు భావాలను గ్రహిస్తారని చెప్పే ‘కులెషోవ్ ప్రభావం’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దృశ్యం మారకపోయినా, దాని పొరుగు మారితే అర్థం మారుతుంది.

వైజ్ఞానిక కల్పన విషయంలో ఈ సూత్రం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. ఈ ప్రక్రియను వాస్తవికతకు భిన్నమైన ఒక నూతనాంశం ఆధారంగా నిర్వచించిన విమర్శకుడు డార్కో సువిన్. ఆయన 1979 నాటి సిద్ధాంతగ్రంథం ప్రకారం కథాలోకమంతా ఆ నూతనాంశం నుంచే తర్కబద్ధంగా విస్తరిస్తుంది. దానిని తెలుగులో ‘అపూర్వాంశం’ అనవచ్చు. కుటుంబకథలో ఒక సన్నివేశం పోతే ఆ సన్నివేశం మేరకే నష్టం. వైజ్ఞానిక కల్పనలో అపూర్వాంశాన్ని వివరించే ఒక్క మాట మారినా, దానిపై ఆధారపడిన కార్యకారణ సంబంధమంతా మారుతుంది. అందువల్ల ఈ ధారావాహికలలో ఎడిటింగును కేవలం నిడివికి సంబంధించిన సాంకేతిక విషయంగా భావించడం సరికాదు.

2. ఎడిటింగ్‌కు దారితీసిన పరిస్థితులు:

అమెరికన్ టెలివిజన్‌లో యానిమే మార్పులకు ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది ప్రసార వ్యవస్థ. స్థానిక కేంద్రాలకు అమ్మే ధారావాహికలు వారానికి ఐదు రోజులు ప్రసారమయ్యేవి. 13 వారాలకు సరిపడాలంటే కనీసం 65 భాగాలు ఉండాలి. వారానికొక్క భాగం చొప్పున ప్రసారమయ్యే జపనీస్ ధారావాహికలలో చాలావాటికి అన్ని భాగాలు ఉండేవి కావు. రెండవది ప్రేక్షకవర్గ నిర్ణయం. అమెరికాలో యానిమేషన్ అంటే పిల్లల కార్యక్రమమే. పిల్లల కార్యక్రమాలలో హింసపై తల్లిదండ్రుల సంఘాల ఒత్తిడి ఆ కాలంలో బలంగా ఉండేది. మూడవది సాంస్కృతిక దూరం. జపాన్ చరిత్రతో, ఆచారాలతో ముడిపడిన అంశాలు అమెరికన్ పిల్లలకు అర్థం కావని నిర్మాతలు భావించారు.

3. తొలగింపు - ‘యమాటో’:

1974 అక్టోబరు నుంచి 1975 మార్చి వరకు 26 భాగాలుగా జపాన్‌లో ప్రసారమైన ‘అంతరిక్ష యుద్ధనౌక యమాటో’ 1979లో అమెరికాలో ‘స్టార్ బ్లేజర్స్’గా వచ్చింది. కథాకాలం 2199. గామిలాస్ గ్రహం ప్రయోగించిన బాంబుల వల్ల భూగోళం రేడియోధార్మికతతో నిండిపోతుంది. 1,48,000 కాంతిసంవత్సరాల దూరంలోని ఇస్కందర్ గ్రహం నుంచి శుద్ధియంత్రాన్ని ఒక్క సంవత్సరంలో తీసుకురావాలి. అందుకు సిద్ధమైన నౌక రెండవ ప్రపంచయుద్ధంలో మునిగిన జపాన్ యుద్ధనౌక యమాటో శిథిలం నుంచి పైకి లేస్తుంది.

చారిత్రక యమాటో 1945 ఏప్రిల్ 7న అమెరికన్ విమానాల దాడిలో మునిగిపోయింది. ధారావాహిక రెండవ భాగంలో ఆ చివరి యుద్ధాన్ని స్మరించే దృశ్యాలున్నాయి. అమెరికన్ రూపంలో వాటిలో అధికభాగాన్ని తొలగించారు. నౌకకు గ్రీకు పురాణంలోని ‘ఆర్గో’ పేరు పెట్టారు. వైద్యుడు సాదో ఎప్పుడూ తాగే సాకే మద్యం సంభాషణలలో ఊటనీరుగా మారింది.

మద్యం నీరుగా మారడం హాస్యాస్పదమే గాని కథకు ప్రమాదకరం కాదు. యుద్ధస్మృతి తొలగింపు అలాంటిది కాదు. ఓడిపోయిన దేశపు యుద్ధచిహ్నం సమస్త మానవాళిని రక్షించే సాధనంగా పునర్జన్మ పొందడం మూలకథలోని ప్రధాన ప్రతీక. అణుబాంబులను చవిచూసిన దేశంలో రేడియోధార్మికతతో నశిస్తున్న భూమి చిత్రణకు ప్రత్యేకమైన బరువుంది. అందులో జాతీయవాద ఛాయలున్నాయన్న విమర్శ కూడా జపాన్‌లో వచ్చింది. ఆ దృశ్యాలు పోవడంతో ప్రతీకతో పాటు దానిపై చర్చకు గల ఆధారం కూడా పోయింది. మిగిలింది ఒక సాహసయాత్ర. గడువులోగా తిరిగిరావాలన్న ఉత్కంఠ చెక్కుచెదరలేదు. ఆ నౌకే ఎందుకు వెళ్ళాలన్న ప్రశ్నకు సమాధానం పలచబడింది.

4. చేర్పు - ‘గాచమాన్’:

తత్సునోకో సంస్థ నిర్మించిన ‘గాచమాన్’ 1972-74 మధ్య 105 భాగాలుగా ప్రసారమైంది. వాటిలో 85 భాగాలను ఆధారం చేసుకొని శాండీ ఫ్రాంక్ సంస్థ 1978లో ‘బ్యాటిల్ ఆఫ్ ద ప్లానెట్స్’ను రూపొందించింది. 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ విజయం ఈ రూపాంతరంపై స్పష్టంగా కనిపిస్తుంది.

మూలకథ దాదాపు పూర్తిగా భూమిపైనే జరుగుతుంది. అమెరికన్ రూపంలో నౌక అంతరిక్షంలో ప్రయాణించే దృశ్యాలను మధ్యమధ్య చేర్చి, అవే సంఘటనలు ఇతర గ్రహాలపై జరిగినట్లు చూపారు. హింసాత్మక దృశ్యాలను తొలగించగా ఏర్పడిన ఖాళీని నింపడానికి ‘7-జార్క్-7’ అనే రోబో పాత్రను అమెరికాలో కొత్తగా చిత్రించారు. ఆ రోబో సముద్రగర్భంలోని కేంద్రం నుంచి కథను వివరిస్తుంది, ప్రమాదం తప్పిందని ప్రేక్షకులకు ధైర్యం చెబుతుంది. తెరపై ధ్వంసమైన విమానాలు మనుషులు లేనివని, ఊళ్ళను ముందే ఖాళీ చేయించారని మాటలతో సర్దిచెప్పడం ఈ పద్ధతిలో భాగం.

ప్రతినాయకుడు బెర్గ్ కాట్సే స్త్రీపురుష లక్షణాలు రెండూ గల పాత్ర. అమెరికన్ రూపంలో అతడు జోల్టార్ అయ్యాడు. అతని స్త్రీరూపాన్ని అతని సోదరిగా పరిచయం చేశారు. ఇక్కడ దృశ్యంలో మార్పు లేదు. ఒక పాత్రను రెండు పాత్రలుగా విడదీసినది సంభాషణ మాత్రమే. భూమి నుంచి ఇతర గ్రహాలకు కథాస్థలం మారడం అంతకన్నా లోతైన మార్పు. విజ్ఞానశాస్త్రాన్ని మనుషులే దుర్వినియోగం చేస్తే మనుషుల నగరాలే కూలుతాయన్న మూలకథ హెచ్చరిక ఎక్కడో దూరపు గ్రహాల సమస్యగా మారిపోయింది.

5. కూర్పు - ‘రోబోటెక్’:

5.1 మూడు కథలు ఒక్కటి కావడం:

1982-83లో వచ్చిన ‘మాక్రాస్’కు 36 భాగాలే ఉన్నాయి. 65 భాగాల నియమాన్ని దాటడానికి హార్మనీ గోల్డ్ సంస్థ తరఫున కార్ల్ మాసెక్ దానికి ‘సదర్న్ క్రాస్’ (1984), ‘మోస్పెడా’ (1983-84) ధారావాహికలను జోడించి, 1985లో 85 భాగాల ‘రోబోటెక్’ను రూపొందించాడు. ఈ మూడింటి కథలకూ మూలంలో ఏ సంబంధమూ లేదు. అమెరికన్ రూపంలో అవి ఒకే వంశానికి, ఒకే చరిత్రకు చెందిన మూడు తరాల యుద్ధాలయ్యాయి.

ఈ సంబంధాన్ని ప్రధానంగా వ్యాఖ్యాత స్వరం, సంభాషణ నిర్మించాయి. ‘సదర్న్ క్రాస్’ నాయిక జాన్ ఫ్రాన్సే, ‘మాక్రాస్’లోని మాక్స్, మిలియా దంపతుల కుమార్తె డానా స్టెర్లింగ్‌గా మారింది. సుదూర గ్రహంపై జరిగిన ఆమె కథ భూమిపైకి వచ్చింది. ‘మోస్పెడా’ నాయకుడు స్టిక్ బెర్నార్డ్, స్కాట్ బెర్నార్డ్ పేరుతో అడ్మిరల్ హంటర్ సేనకు చెందినవాడయ్యాడు. ఆ హంటర్ ‘మాక్రాస్’లోని హికారు ఇచిజో. కూర్పులోని అతుకు అక్కడక్కడ బయటపడుతుంది. మొదటి కథలో ఆకుపచ్చ జుట్టుతో కనిపించిన శిశువు రెండవ కథలో బంగారురంగు జుట్టు గల యువతి అవుతుంది. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ మరొకటి చెబుతుంది.

5.2 ‘ప్రోటోకల్చర్’ అర్థవిపర్యాసం:

మూడు కథలను కలిపి నిలబెట్టడానికి ఒక ఉమ్మడి సూత్రం అవసరమైంది. అందుకు ‘మాక్రాస్’లోని ‘ప్రోటోకల్చర్’ అనే మాటను ఎంచుకున్నారు. మూలంలో అది ఒక ప్రాచీన నాగరికత పేరు. తమ యుద్ధాల కోసం జెంత్రాదీ అనే మహాకాయులను సృష్టించినది ఆ నాగరికతే. జెంత్రాదీలకు యుద్ధం తప్ప పాట, ప్రేమ, కుటుంబం తెలియవు. గాయని లిన్ మిన్మే పాట విన్నప్పుడు వారు చలించిపోవడానికి కారణం తాము కోల్పోయిన సంస్కృతి వారికి ఎదురుకావడమే. ‘కల్చర్’ అనే మాట ఆ పేరులో ఉండటం యాదృచ్ఛికం కాదు, అది కథాసూత్రం.

‘రోబోటెక్’లో ప్రోటోకల్చర్ యంత్రాలను నడిపే శక్తివనరు అయింది. మూడు యుద్ధాలలోనూ శత్రువులు దానికోసమే వస్తారు. ‘మోస్పెడా’లోని వాహన ఇంధనం కూడా ఇదే పేరు పొందింది. ఈ ఒక్క మార్పుతో మూడు కథలకూ కారణం దొరికింది. కాని యుద్ధమూలం సంస్కృతి నుంచి వనరులకు మారింది. పాటకు జెంత్రాదీలు చలించే దృశ్యాలు ‘రోబోటెక్’లోనూ ఉన్నాయి. అయినా అక్కడ పాట శత్రువును తడబాటుకు గురిచేసే ఉపాయంగా బలపడుతుంది. మూలంలో అది శత్రువుకు తన పుట్టుకను గుర్తుచేసే స్మృతి. అపూర్వాంశం మారితే దృశ్యాలు అవే ఉన్నా కథ మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అరుదు.

6. స్వదేశంలో ఎడిటింగ్ - ‘కౌబాయ్ బీబాప్’:

ఎడిటింగును విదేశీయుల అపచారంగా మాత్రమే చూడటం పాక్షిక దృష్టి. 1998 ఏప్రిల్ - జూన్ మధ్య టీవీ టోక్యో ‘కౌబాయ్ బీబాప్’లోని 26 భాగాలలో 12 మాత్రమే ప్రసారం చేసి, చివర పాత దృశ్యాలతో కూర్చిన ఒక ప్రత్యేక భాగాన్ని చూపింది. 1997 డిసెంబరులో ‘పోకెమాన్’ భాగం చూసి వందలాది పిల్లలు అస్వస్థులైన తరువాత యానిమే ప్రసారాలపై జాగ్రత్త పెరిగిన కాలమది. పూర్తి ధారావాహిక 1998 అక్టోబరు నుంచి వావ్‌వావ్ చానెల్‌లో ప్రసారమైంది.

తొలి ప్రసారంలో మొదటి భాగమే లేదు. నాయకుడు స్పైక్‌కూ, అతని పూర్వమిత్రుడు విషస్‌కూ మధ్యగల వైరాన్ని పరిచయం చేసే ఐదవ భాగమూ లేదు. ఆ వైరాన్ని కొనసాగించే 12, 13 భాగాలు మాత్రం ఉన్నాయి. ఆ ప్రేక్షకులకు కథానాయకుని గతం ఆరంభం లేని కథగానే అందింది. ఇక్కడ ఏ దృశ్యానికీ అర్థం మార్చలేదు. భాగాల ఎంపికే ఎడిటింగ్ అయింది.

7. వక్రీకరణా, అనుసృజనా?

‘రోబోటెక్’ను వక్రీకరణగా కొట్టివేయడం సులభం. అయితే అది మూలంలోని మరణాలను దాచలేదు. రాయ్ ఫోకర్ మరణం, ముక్కోణపు ప్రేమ, యుద్ధం మిగిల్చిన శిథిలాలు అమెరికన్ పిల్లలకు చేరాయి. వరుసగా చూస్తే తప్ప అర్థంకాని కథనాన్ని వారు అందులో చూశారు. జపనీస్ యానిమేషన్‌పై ఆసక్తి పెంచిన తొలి ధారావాహికలలో అది ఒకటి. అనువాద అధ్యయనాల పరిభాషలో అది అనువాదం కన్నా అనుసృజనకు దగ్గరగా ఉంటుంది.

అనుసృజనకు ఒక నైతిక నియమం ఉంది: మూలం అందుబాటులో ఉండాలి. అప్పుడే పాఠకుడు, ప్రేక్షకుడు రెండింటినీ పోల్చుకోగలరు. ‘మాక్రాస్’ విషయంలో ఆ నియమం చాలాకాలం నెరవేరలేదు. హక్కుల వివాదాల వల్ల దాని తరువాతి ధారావాహికలు అనేకం జపాన్ వెలుపల అధికారికంగా విడుదల కాలేకపోయాయి. 2021 ఏప్రిల్‌లో బిగ్‌వెస్ట్, హార్మనీ గోల్డ్ సంస్థల ఒప్పందంతో ఆ ప్రతిష్టంభన తొలగింది. అప్పటివరకు ఎందరో ప్రేక్షకులకు రూపాంతరమే మూలంగా నిలిచింది.

8. ముగింపు:

తొలగింపు ‘యమాటో’ నుంచి చరిత్రస్మృతిని పలచబరిచింది. చేర్పు ‘గాచమాన్’ హెచ్చరికను భూమికి దూరం చేసింది. కూర్పు ‘మాక్రాస్’ మూలభావనకే కొత్త అర్థాన్నిచ్చింది. తెరపై ఎక్కువ దృశ్యాలను నిలుపుకొన్న ‘రోబోటెక్’లోనే భావపరమైన మార్పు అత్యంత లోతుగా ఉండటం గమనార్హం. కాబట్టి ఎన్ని నిమిషాలు కత్తిరించారన్న లెక్క ఎడిటింగ్ ప్రభావానికి సరైన కొలమానం కాదు. కథాలోకాన్ని నిలబెట్టే అపూర్వాంశం ఏమైందన్నదే అసలు ప్రశ్న. డబ్బింగ్, రూపాంతరాలపై పరిశోధించేవారు తొలగిన దృశ్యాల పట్టికతో ఆగిపోక, మిగిలిన దృశ్యాలపై పరచిన కొత్త మాటలను కూడా మూలంతో సరిపోల్చి చూడవలసిన అవసరం ఇందువల్ల స్పష్టమవుతోంది.