పేరు మణుగే... తూకం వేరు!

మద్రాసు మణుగుకు ఎనిమిది వీశెలు, సుమారు 11.3 కిలోలు. బెంగాలు మణుగుకు నలభై సేర్లు, దాదాపు 37.3 కిలోలు. పేరు ఒక్కటే కావడంతో పొరుగు ప్రాంతంలో సరుకు అమ్మబోయిన రైతుకు లెక్క తేలేది కాదు. తక్కెడ పట్టినవాడిదే మాట!

కోస్తా, సీమ, తెలంగాణలు ఒకే రాష్ట్రమైన 1956లోనే దేశమంతటికీ ఒకే ప్రమాణం నిర్దేశిస్తూ కేంద్రం తూనికలు, కొలతల చట్టం తెచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరులో కిలోగ్రాముల వాడకం దశలవారీగా మొదలై, 1962 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. దీంతో దూరప్రాంత వ్యాపారికీ, రైతుకూ ధర ఒకే లెక్కలో అర్థమయ్యే వీలు కలిగింది.

వీశె, మణుగు బజారు నుంచి తప్పుకున్నా పొలం బేరం నేటికీ ఎకరాలు, సెంట్లు, గుంటల్లోనే సాగుతోంది. పూలదండకు మూరే కొలత. ఆ మూర అమ్మేవారి చేతిని బట్టి ఉంటుంది.