మాడు పూడని తలలోకి వెలుతురు

చీకట్లో టార్చిలైటుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. మిగతా రంగులను రక్తమాంసాలు మింగేస్తే ఎరుపు మాత్రం ఈవలికి వస్తుంది. ఎరుపు దాటాక కంటికి కనబడని పరారుణ కాంతి మొదలవుతుంది. సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల దాకా ఉన్న కాంతికి మన ఒళ్లు కాస్త దారి ఇస్తుంది. ఇంకా ముందుకు పోతే ఒంట్లోని నీరే దాన్ని ఆపేస్తుంది.

ఈ కాంతితో మెదడులో ఆక్సిజన్ సంగతి పైనుంచే తెలుసుకోవచ్చని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యాబ్సిస్ చూపించాడు. దీనికి పసిపిల్లలు బాగా అనువు: పుర్రె పలచన, తల చిన్నది. మెత్తటి టోపీలో కాంతినిచ్చే మొనలూ, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో దాన్ని పట్టే మొనలూ ఉంటాయి. సూది లేదు, మత్తు లేదు. ఎమ్మారై అయితే ఆ యంత్రం హోరులో బిడ్డ కదలకుండా పడుకోవాలి. ఇక్కడ ఇంక్యుబేటర్‌లోంచి తియ్యక్కర్లేదు.

అయితే పరికరం తెరమీద కనిపించేది ఆలోచన కాదు, రక్తం. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒక రంగు కాంతిని ఎక్కువ పీల్చుకుంటే, లేనిది మరో రంగును పీల్చుకుంటుంది. మెదడులో పని జరిగే చోటికి కొద్ది సెకన్లలో రక్తం పెరుగుతుంది. ఆ తేడానే లెక్కగట్టి బొమ్మ గీస్తారు.

2003లో ఇటలీలో, పుట్టి కొద్ది రోజులే అయిన పిల్లలు నిద్రపోతుండగా మాటలు వినిపించి, ఈ కాంతితోనే వాళ్ల మెదడును గమనించారు. అవే మాటలను తిరగేసి కూడా వినిపించారు. సరైన మాటలకు ఎడమవైపు మెదడు ఎక్కువగా స్పందించింది. ఉంగా అనడమైనా రాని బిడ్డ!

ఈ కాంతి మెదడు పైపొరను దాటి లోతుకు పోలేదు. అదొక్కటే కాదు చిక్కు. 28 వారాలైనా నిండకుండా పుట్టిన 1,601 మంది పిల్లలతో ఒక పెద్ద అంతర్జాతీయ పరిశీలన జరిగింది. వాళ్లలో సగం మందికి మొదటి 72 గంటలు ఈ పద్ధతిలో మెదడు ఆక్సిజన్‌ను కనిపెడుతూ వైద్యం చేశారు. 2023లో వచ్చిన ఫలితం: మరణాలూ, తీవ్రమైన మెదడు దెబ్బలూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. నాకైతే ఇది పరికరం ఓటమి అనిపించదు. ఆక్సిజన్ అంకె పడిపోయిందని అది చెబుతుంది, అంతే. వెంటిలేటర్ మార్చాలా, రక్తపోటు పెంచాలా, రక్తం ఎక్కించాలా అన్నది పక్కన నిలబడ్డ డాక్టరే తేల్చుకోవాలి.