789: మన పేరు మీద పద్దు, ఎవరి కోసం ఖర్చు?

బడ్జెట్ రోజు సాయంత్రం టీవీల్లో ఒక అంకె తిరుగుతుంది. 2025-26 తెలంగాణ బడ్జెట్‌లో ఆ అంకె 40,232 కోట్లు. ఎస్సీల అభివృద్ధికి ఇంత ఇస్తున్నామని ఆర్థిక మంత్రి చదివితే సభలో బల్లలు చరిచారు. మర్నాడు మన వాడలో ఎవరినైనా అడిగి చూడండి, అందులో నీకేం వచ్చిందని. ‘పింఛను వస్తోంది గదా’ అంటారు. పింఛను ఊళ్లో అర్హులైన అన్ని కులాల వాళ్లకూ వస్తుంది. మరి ఎస్సీల కోసమే తీసిపెట్టిన డబ్బు ఏది?

‘సబ్‌ప్లాన్ నిధులు దారి మళ్లిస్తున్నారు’ అని మనం ప్రతి సభలో అంటాం. ఎలా మళ్లిస్తున్నారో చెప్పమంటే మాత్రం చాలామందిమి తడబడతాం. ఈ డబ్బు దొంగతనంగా పోయేది తక్కువ. ఎక్కువ భాగం పద్దు పుస్తకాల్లోనే, ఒక కోడ్ కిందే, నిబంధనల నీడలోనే పోతుంది. అందుకే ఆ పుస్తకం చదవడం మనం నేర్చుకోవాలి.

ఈ నిధి ఎందుకు పుట్టింది

ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. దళితుల కోసం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ 1970ల చివర్లో రూపుదిద్దుకుంది. దాని వెనుక ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ కృషి ఉంది. ఆలోచన సూటిగా ఉంటుంది. అన్ని శాఖలూ అందరికీ ఖర్చు పెడుతున్నామంటున్నా ఆ ఖర్చు వాడ దాకా రావడం లేదు. కాబట్టి ప్రతి శాఖా తన ప్రణాళిక నిధుల్లో దళితుల జనాభా ఎంత శాతమో అంత శాతం విడిగా తీసిపెట్టాలి. ఆ డబ్బు వాళ్ల మధ్యే ఖర్చు కావాలి.

ముప్పై ఏళ్లకు పైగా ఇది మార్గదర్శకాల మీదే నడిచింది. మార్గదర్శకం పాటించకపోతే అడిగేవారు లేరు. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ ప్రభుత్వం దళితుల నిధి నుంచి 744 కోట్లు మళ్లించిందని సమాచార హక్కు దరఖాస్తులతోనే బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, ఆదివాసీ సంఘాలు, వామపక్షాలు, కాకి మాధవరావు వంటి విశ్రాంత అధికారులు కలిసి పోరాడితే సబ్‌ప్లాన్‌కు చట్టం వచ్చింది. 2013 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆ చట్టం దేశంలో ఇలాంటి వాటిలో మొదటిది.

దాని గడువు పదేళ్లు. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చి మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో వేరే చట్టం చేసి, సబ్‌ప్లాన్‌కు ప్రత్యేక అభివృద్ధి నిధి అని పేరు పెట్టింది.

వంద రూపాయల్లో ఎంత, ఏ వందలో

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 17 శాతం. కేటాయింపు ఈ వాటాకు తగ్గకూడదు. అయితే శాతం ఒక్కటే చూస్తే చాలదు, ఏ మొత్తంలో శాతమో కూడా చూడాలి.

2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర పద్దుల తేడా ఎత్తేశారు. తెలంగాణ ఆ స్థానంలో నిర్వహణ పద్దు, ప్రగతి పద్దు అని రెండు పెట్టుకుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీల వంటివి మొదటి దాంట్లో, పథకాలు రెండో దాంట్లో ఉంటాయి. ప్రత్యేక నిధికి వాటా ప్రగతి పద్దు నుంచే లెక్కిస్తారు. అంటే ఒక ఖర్చును ప్రగతి నుంచి నిర్వహణకు మార్చి రాస్తే మన శాతం అలాగే ఉంటుంది, మన రూపాయలు తగ్గుతాయి. కాబట్టి బడ్జెట్ రాగానే ముందు చూడాల్సింది ప్రగతి పద్దు మొత్తం ఎంత, నిరుటి కంటే పెరిగిందా తగ్గిందా అన్నది.

789 అంటే ఏమిటి

ప్రభుత్వ ఖర్చు ప్రతిదానికీ ఒక కోడ్ ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు ప్రధాన పద్దు. 2202 అంటే సాధారణ విద్య, 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం, 5054 అంటే రోడ్లు, వంతెనల మీద పెట్టుబడి. దాని కింద మూడంకెల చిన్న పద్దు ఉంటుంది. అక్కడ 789 అని ఉంటే అది ఎస్సీల వాటా, 796 అని ఉంటే ఎస్టీల వాటా. ఈ రెండు కోడ్‌లు దేశమంతటా ఒకటే.

అంటే మన నిధి ఒకే చోట లేదు. విద్య, వైద్యం, రోడ్లు, వ్యవసాయం ఇలా ప్రతి శాఖ పుస్తకంలో ముక్కలుగా ఉంటుంది. సాంఘిక సంక్షేమ శాఖ నోడల్ బాధ్యత చూస్తుంది, ఖర్చు మాత్రం ఆయా శాఖల చేతిలో ఉంటుంది. ఒక శాఖ తన మామూలు పథకం ఖర్చులో కొంత తీసి 789 కింద రాసుకుంటే, ఆ శాఖ మన నిధికి బిల్లు వేసినట్టే. ఆ బిల్లు న్యాయమైనదా కాదా అని తేల్చేదే ఖర్చు లెక్కగట్టే నిబంధన.

బిల్లు వేసే నాలుగు పద్ధతులు

ఖర్చు ఎలా లెక్కగట్టాలో చట్టాలు నాలుగు రకాలుగా చెప్తాయి.

మొదటిది, కేవలం ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు పనికొచ్చే పథకం. ఉదాహరణకు భూమి కొనుగోలు, గురుకులం, స్వయం ఉపాధి రుణం. దీని ఖర్చు నూరు శాతం 789 కింద రాయవచ్చు.

రెండోది, ఎస్సీ ఆవాసాల్లో చేసే పని. కాలనీలో సీసీ రోడ్డు, మంచినీటి ట్యాంకు, వీధి దీపాలు. ఇదీ నూరు శాతమే. పని నిజంగా కాలనీలోనే జరిగిందా, ఊరి మధ్య వేసిన రోడ్డు కాలనీ పేరుతో రాశారా అన్నది వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

మూడోది, అందరికీ వర్తించే పథకం. నూరు మంది లబ్ధిదారుల్లో పద్దెనిమిది మంది ఎస్సీలైతే ఖర్చులో 18 శాతం మన నిధి నుంచి చూపవచ్చు. చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ పద్దెనిమిది మందికి ఆ పింఛను, ఆ రైతు సాయం పౌరులుగా ఎలాగూ రావాల్సిందే. వెనుకబాటు పూడ్చడానికి అదనంగా ఇవ్వాల్సిన డబ్బుతో మామూలు హక్కును చెల్లిస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, పార్టీ ఏదైనా, నగదు బదిలీ పథకాలు ఈ దారినే సబ్‌ప్లాన్ లెక్కల్లోకి వచ్చాయి. కేటాయింపు అంకె ఏటా పెరిగినా వాడ మారకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

నాలుగోది, విడదీయలేని పనులు. పెద్ద ప్రాజెక్టులు, రహదారుల వంటివి. ఇందులో ఎవరు ఎంత లాభపడ్డారో లెక్క తీయలేం కాబట్టి ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగం ఎస్సీలకు ఖర్చయినట్టే భావిస్తారు. లబ్ధిదారు పేరు లేదు, ఆవాసం పేరు లేదు, ఖర్చు మాత్రం ఉంటుంది. కర్ణాటక చట్టంలో ఇలాంటిదే 7(డి) అనే సెక్షన్ ఉండేది. దళిత సంఘాల పోరాటంతో 2023లో దాన్ని తొలగించారు. అయితే అదే ఏడాది అక్కడి ప్రభుత్వం గ్యారంటీ పథకాలకు ఈ నిధుల నుంచి 11 వేల కోట్లకు పైగా చూపింది. నాలుగో తలుపు మూస్తే మూడో తలుపు నుంచి పోయిందన్న మాట. మనం రెండు తలుపుల గురించీ మాట్లాడాలి.

మిగిలిపోయిన డబ్బు సంగతి

2013 చట్టం మీద మొదటి నుంచీ ఉన్న విమర్శ, ఖర్చు కాని డబ్బు మార్చి 31తో మురిగిపోతుందని. తెలంగాణ 2017 చట్టంలో దీనికి ఒక నిబంధన పెట్టారు. మిగిలిన మొత్తాన్ని మరుసటి ఏడాది భర్తీ చేయాలి. అయితే దానికి షరతు ఉంది. రాష్ట్రం మొత్తం బడ్జెట్‌లో ఎంత నిష్పత్తిలో ఖర్చు పెట్టిందో, ఆ నిష్పత్తి మేరకే భర్తీ.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ప్రత్యేక నిధి 1,000 కోట్లు, ఖర్చు 600 కోట్లు. మిగిలింది 400 కోట్లు. రాష్ట్రం మొత్తం బడ్జెట్‌లో 80 శాతమే ఖర్చు పెట్టింది. అప్పుడు మన వాటా కూడా 800 కోట్ల దాకానే లెక్కకు వస్తుంది. భర్తీ కావాల్సింది 400 కాదు, 200 కోట్లు. ఆదాయం రాదని తెలిసీ బడ్జెట్‌ను పెంచి చూపిస్తే మన కేటాయింపు కాగితం మీద పెరుగుతుంది, భర్తీ హక్కు తరుగుతుంది. ఆ తగ్గిన 200 కోట్లయినా మరుసటి ఏడాది కేటాయింపుకు అదనంగా కలిపారా, అందులోనే కలిపేశారా అన్నది తప్పకుండా అడగాలి.

ఇంకో మెలిక పీడీ ఖాతా. మార్చి చివర్లో డబ్బును ఖజానా నుంచి తీసి ఏదో కార్పొరేషన్ పీడీ ఖాతాలో వేస్తే పుస్తకంలో అది ఖర్చు కిందే కనిపిస్తుంది. లబ్ధిదారుకు మాత్రం రూపాయి అంది ఉండదు.

మనం ఏం అడగాలి

మొత్తం రాష్ట్రాన్ని ఒకేసారి పట్టుకోవద్దని మా సూచన. ఒక జిల్లా, ఒక శాఖ, ఒక ఏడాది తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తులో ఇవి అడగండి:

ఒకటి, ఆ శాఖలో 789 కింద పథకాల వారీగా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, విడుదల, వాస్తవ ఖర్చు. నాలుగూ విడివిడిగా అడగాలి. మంత్రి చదివేది మొదటిది, మనకు కావాల్సింది చివరిది.

రెండు, ప్రతి పథకాన్నీ పైన చెప్పిన నాలుగింటిలో ఏ రకం కింద చూపారు.

మూడు, మూడో రకమైతే మొత్తం లబ్ధిదారులు ఎందరు, అందులో ఎస్సీలు ఎందరు. నాలుగో రకమైతే ఆ శాతాన్ని ఏ ఉత్తర్వు ప్రకారం నిర్ణయించారు.

నాలుగు, ఆవాసాల పనులైతే పని పేరు, స్థలం, అంచనా విలువ, పూర్తయిన తేదీ.

ఐదు, కార్పొరేషన్ల పీడీ ఖాతాల్లో మార్చి 31 నాటికి ఉన్న నిల్వ.

గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వచ్చిన జవాబును శాసనసభలో పెట్టే వార్షిక నివేదికతో, కాగ్ పద్దులతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలవని చోటే మన ప్రశ్న ఉంటుంది. విద్యార్థి మిత్రులకు ఇది మంచి ప్రాజెక్టు పని కూడా. నలుగురు కలిసి కూర్చుంటే ఒక సెలవుల కాలంలో ఒక జిల్లా పూర్తవుతుంది.

డిమాండ్లు కూడా ఇక్కడి నుంచే రావాలి. భావించిన ఖర్చు అనే నాలుగో పద్ధతిని రెండు రాష్ట్రాల్లోనూ తీసేయాలి. అందరికీ వర్తించే పథకాల వాటాకు చట్టంలోనే గట్టి పరిమితి పెట్టాలి. మిగిలిన డబ్బు షరతు లేకుండా మరుసటి ఏటికి కలవాలి. ‘నిధులు పెంచండి’ అన్న నినాదం పాలకులకు భారం కాదు, అంకె పెంచి చూపడం వాళ్లకు తేలిక. ‘789 కింద రాసిన ప్రతి రూపాయికీ ఒక దళిత కుటుంబం పేరో, ఒక వాడ పేరో చూపండి’ అంటే అప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది.

బాబాసాహెబ్ ఆర్థికశాస్త్రం చదివినవారు. ప్రభుత్వ ద్రవ్యం మీదే డాక్టరేట్ పరిశోధన చేసి, 1925లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. పద్దు పుస్తకం మనకు రాని విద్య అని వదిలేయడానికి మనకు ఏ సాకూ లేదు. జై భీమ్.