ఒక్క రోజు పరీక్షతో ఏడాది చదువు తేలుతుందా? అమెరికా ప్రభుత్వ బడుల అనుభవం



పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇంట్లో అడిగితే అన్నీ చెబుతాడండీ, పరీక్షలో మాత్రం మార్కులు రావు." పరీక్ష కొలిచేది పిల్లల చదువునా, లేక ఆ మూడు గంటల్లో రాసే నేర్పునా? అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు తమ ప్రభుత్వ బడుల్లో ఈ ప్రశ్నకు ప్రయోగాల ద్వారా జవాబు వెతికాయి. మనలో చాలామంది బంధువుల పిల్లలు అక్కడి ప్రభుత్వ బడుల్లోనే చదువుతున్నారు కాబట్టి ఆ సంగతులు మనకూ ఆసక్తి కలిగించేవే.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఏమిటి?

అది మన జిల్లా లాంటిది కాదు. ఒక ఊరిలోనో, కొన్ని ఊళ్లలోనో ఉన్న ప్రభుత్వ బడులన్నీ కలిపి ఒక డిస్ట్రిక్ట్. దాన్ని నడిపే బోర్డును చాలాచోట్ల స్థానికులే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఖర్చులో కొంత స్థానిక ఆస్తిపన్ను నుంచి, కొంత రాష్ట్రం నుంచి, మిగతా చిన్న వాటా కేంద్ర ప్రభుత్వం నుంచి వస్తుంది.

పరీక్షల్లో ప్రయోగం

2002లో అమలులోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ప్రకారం 3 నుంచి 8వ తరగతి వరకు ప్రతి ఏడాదీ, హైస్కూల్లో ఒకసారి, రీడింగ్‌లోనూ గణితంలోనూ రాష్ట్రస్థాయి పరీక్ష తప్పనిసరి. ఫలితాలు బాగాలేని బడులపై చర్యలు ఉండేవి. వెనకబడిన పిల్లలు ఎక్కడున్నారో బయటపడటం దీనివల్ల జరిగిన మేలు. అయితే చాలా బడుల్లో బోధన ఆ పరీక్ష చుట్టూనే తిరగడం మొదలైంది.

2015లో వచ్చిన 'ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్' చట్టం వార్షిక పరీక్షలను కొనసాగిస్తూనే ఒక వెసులుబాటు ఇచ్చింది. మొదట ఏడు రాష్ట్రాలకు మించకుండా, కొత్త తరహా పరీక్షలను కొన్ని డిస్ట్రిక్టుల్లో ప్రయోగించి, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించవచ్చు.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఇంకా ముందే, ప్రత్యేక అనుమతితో నాలుగు డిస్ట్రిక్టుల్లో 'పేస్' పేరుతో ఈ పని మొదలుపెట్టింది. కొన్ని తరగతుల్లో మాత్రమే రాష్ట్ర పరీక్ష ఉంచి, మిగతా తరగతుల్లో పిల్లలకు చేసి చూపించే పనులు ఇచ్చారు. ఉదాహరణకు జామెట్రీ నేర్చుకునే హైస్కూల్ పిల్లలకు ఇచ్చిన పని ఇది: ఊరి జనాభా పెరగబోతోంది, కొత్త నీళ్ల ట్యాంకు డిజైన్ చేసి, ఎందుకు ఆ ఆకారం ఎంచుకున్నారో వివరించండి. ఘనపరిమాణం సూత్రం కంఠస్థం వస్తే చాలదు. దాన్ని ఎక్కడ, ఎందుకు వాడాలో తెలియాలి.

లూసియానా మరో దారి పట్టింది. ముందెప్పుడూ చూడని పాఠ్యభాగం ఇచ్చి ప్రశ్నలడగడానికి బదులు, పిల్లలు తరగతిలో నిజంగా చదివిన పుస్తకాల మీద, ఏడాది పొడవునా చిన్న చిన్న పరీక్షలు పెట్టి చూసింది.

ఇబ్బంది ఎక్కడ వచ్చింది?

సొంత టీచరే మార్కులు వేస్తే ఒక బడిలోని 'బాగుంది', పక్క ఊరి బడిలోని 'బాగుంది' ఒకటే అవుతాయా? అందుకే న్యూ హాంప్‌షైర్‌లో వేర్వేరు డిస్ట్రిక్టుల టీచర్లు ఒకచోట కూర్చుని, ఒకరి విద్యార్థుల పేపర్లు ఇంకొకరు దిద్ది సరిచూసుకునేవారు. టీచర్లకు అది మంచి శిక్షణే అయినా, దానికి బోలెడంత సమయం కావాలి. పైగా ఈ ప్రయోగానికి చట్టం ప్రత్యేకంగా నిధులేమీ కేటాయించలేదు. చివరికి న్యూ హాంప్‌షైర్ ఈ ఏర్పాటు నుంచి వైదొలగింది. ఆలోచన మంచిదైనా, టీచరుకు సమయం, శిక్షణ ఇవ్వకపోతే అది నిలబడదు.

డబ్బు విషయంలో ప్రయోగం

అదే చట్టం మరో వెసులుబాటూ ఇచ్చింది. రకరకాల పద్దుల కింద వచ్చే నిధులను కలిపేసి, పిల్లల అవసరాన్ని బట్టి బడులకు పంచుకునే పథకం అది. మొదట 50 డిస్ట్రిక్టుల దాకా అవకాశం ఉన్నా, ముందుకొచ్చినవి చాలా తక్కువ.

ఇదే ఆలోచనను కాలిఫోర్నియా 2013లోనే రాష్ట్రస్థాయిలో అమలు చేసింది. ప్రతి విద్యార్థికి ఒక మూల మొత్తం ఉంటుంది. పేద కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవారు, తల్లిదండ్రుల సంరక్షణ కరువై ఫోస్టర్ కుటుంబాల్లో పెరుగుతున్నవారు అయితే దానిపై 20 శాతం అదనం. మూల మొత్తం 10,000 డాలర్లు అనుకుంటే, అలాంటి విద్యార్థి పేరిట డిస్ట్రిక్టుకు 12,000 అందుతాయి. అలాంటి పిల్లలు 55 శాతం దాటిన డిస్ట్రిక్టులకు ఇంకా ఎక్కువ వస్తుంది. ఎలా ఖర్చు పెట్టాలో డిస్ట్రిక్టే నిర్ణయించుకోవచ్చు. కానీ ప్రణాళిక రాసేటప్పుడు తల్లిదండ్రులను సంప్రదించి తీరాలి.

ఇక్కడా ఒక లోటు కనబడింది. అదనపు డబ్బు నిజంగా ఆ పిల్లలకే ఖర్చయిందో లేదో స్పష్టంగా చూపే లెక్కలు లేవని 2019లో రాష్ట్ర ఆడిటర్ ఎత్తిచూపారు. స్వేచ్ఛ ఇచ్చినచోట లెక్క చెప్పే బాధ్యత కూడా గట్టిగా ఉండాలన్నమాట.

మనకు ఇందులో ఏముంది?

మన దగ్గరా గాలి అటే వీస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం కంఠస్థాన్ని తగ్గించి, అవగాహనను పరీక్షించాలని చెప్పింది. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో నిత్యజీవిత సందర్భాలకు ముడిపెట్టిన ప్రశ్నల వాటా పెరిగింది. గైడులోని జవాబు అప్పజెప్పే పిల్లలు అలాంటి ప్రశ్న దగ్గర తడబడతారు. నిన్నటిదాకా మంచి మార్కులు తెచ్చుకున్నవారు కూడా.

కాబట్టి ఈ నెల ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చినప్పుడు, ర్యాంకు చూశాక, ఈ మూడూ కూడా అడగండి:

• ఏ ప్రశ్నలో తప్పు జరిగింది? సూత్రం తెలియకనా, ప్రశ్న అర్థం కాకనా, తొందరపాటువల్లనా?
• ఈ పాఠాన్ని నాకు నీ మాటల్లో చెప్పగలవా?
• (టీచర్‌ను) రాత పరీక్షలో కనబడని బలం ఏదైనా మా పిల్లల్లో మీరు గమనించారా?

మూడో ప్రశ్నకు జవాబివ్వాలంటే టీచర్ మీ పిల్లలను ప్రత్యేకంగా గమనించి ఉండాలి. ఆ జవాబు మా నుంచి కోరే హక్కు మీకుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో తప్పకుండా అడగండి.