ఇంటిగుట్టు కథలంటే ఎందుకంత ఇష్టం?

స్కాట్లండ్ రచయిత జార్జ్ డగ్లస్ బ్రౌన్ 1901లో ‘ది హౌస్ విత్ ది గ్రీన్ షట్టర్స్’ అనే నవల వెలువరించాడు. అందులో గూర్లే అనే ఆసామి బండ్లు తిప్పి బాగా గడించాడు. తన ఇల్లు చూసి ఊరంతా కుళ్లుకోవాలన్నదే అతని కోరిక. ఇంట్లో పెళ్లాం బిడ్డలకు మాత్రం అతని అడుగు వినబడితే వణుకు. చివరికి కొడుకు చేతిలోనే చస్తాడు; ఆ తర్వాత కొడుకూ, తల్లీ, కూతురూ విషం తాగి పోతారు. ఇంత చీకటి కథను నిద్ర మానుకుని మరీ ఎందుకు చదువుతాం? పరాయి ఇల్లు కూలుతుంటే సంబరమా? కాదు. ఆ ఇంటివాళ్లు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నవన్నీ మనకు తెలుస్తుంటాయి. అసలు ఆనందం అక్కడుంది.

ఈ రుచి మనకు కొత్తేం కాదు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉంటూ 13వ శతాబ్దంలో తిక్కన మహాభారతంలోని విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించాడు. కర్ణుడు ఎవరి బిడ్డో వినేవాళ్లకు ఆదిపర్వం నుంచే తెలుసు, పాండవులకు తెలియదు. యుద్ధం ముగిసి, గంగ ఒడ్డున చచ్చినవాళ్లకు నీళ్లు వదిలే వేళ కుంతి నోరు విప్పుతుంది: కర్ణుడికీ వదలండి, అతను మీ అన్న అని. ముందే చెప్పి ఉంటే ఇంత నాశనం జరిగేదా అని కుమిలిన ధర్మరాజు, ఆడవాళ్లలో రహస్యం దాగకుండుగాక అని శపిస్తాడు. ఒక తల్లి దాచినదానికి ఆడజాతినంతా శపించడం ఏం ధర్మమో! అది అలా ఉంచితే, అర్జునుడు కర్ణుడి మీద బాణం ఎక్కుపెట్టినప్పుడల్లా మన గుండె ఝల్లుమనేది ఆ గుట్టు తెలిసినందుకే.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటారు కదా, ఇంటి సంగతులు బజారున పెట్టే రాతలు ఎందుకని కొందరి అభ్యంతరం. కుంతి కథలో చేటు తెచ్చింది దాచడమే. బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లి నడత గురించి ఊళ్లో పుట్టిన మాట ఎక్కడికెళ్లినా వదలదు, చాటున గుసగుసలాడే లోకమే అక్కడ అసలు దోషి. ఇలాంటివి మనసు పాడుచేస్తాయన్న మాటలో మాత్రం కొంత నిజముంది. కష్టం మీద కష్టం పేర్చుకుపోయే నవలలు విసుగే పుట్టిస్తాయి. గూర్లే కథ అలా కాదు. తండ్రి దర్పం, పైచదువుకు పంపిన కొడుకు తాగుడు, ఆ పిల్లాడి పిరికితనం ముందునుంచే కనబడతాయి కాబట్టి ఆ పతనాన్ని నమ్ముతాం. కాస్త ఎదిగిన పిల్లలు ఇలాంటి నవల పట్టుకుంటే లాక్కోకండి. మీరూ చదివి, వాళ్లతో మాట్లాడండి.